వేటకీ, క్యాంపింగ్‌కీ తక్కువ డబ్బులో పాత బండి: నేనైతే ఎలా ఎంచుకుంటాను

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. డబ్బు తక్కువ, కొత్త బండి మాటే లేదు. లైసెన్సుతో సీజన్లో వేటకు వెళ్తారు. మిగతా నెలల్లో చేపలు పట్టడం, టెంటు వేసుకుని రెండు రాత్రులు ఉండి రావడం. మనుషులు ఇద్దరు, కుక్క ఒకటి. తారు రోడ్డు అయిపోయాక పది పదిహేను కిలోమీటర్ల ఎగుడుదిగుడు మట్టిదారి ఉంటుంది, వాన పడితే అదంతా బంకమట్టి. చూసి పెట్టుకున్నవి రెండు బండ్లు. ఒకటి 1999 జీప్ చెరోకీ: ఎత్తు లేపి, 33 అంగుళాల టైర్లు వేసి, ముందు వించ్ (దిగబడ్డ బండిని తాడుతో లాగే యంత్రం) బిగించారు, మీటరులో 1,70,000 కిలోమీటర్లు. రెండోది 2000 టయోటా ఫోర్‌రన్నర్: కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, కానీ 2,90,000 తిరిగింది. ధర ఇంచుమించు ఒకటే. మనసు మాత్రం మొదటిదాని మీదే ఉందని దాచకుండా రాశారు.

ముప్పై ఏళ్లుగా ఇలాంటి బండ్లు తోలుతున్నాను. పదకొండు కొన్నాను, అందులో మూడు కొనకూడనివి. ఆ మూడూ చూడ్డానికి భలే ఉండేవి.

బండి ఎంత లోపలికి పోగలదు అన్నది నేను ముందు చూసే సంగతి కాదు. వేట ముగిసేది సాయంత్రం. వెనకాల మాంసం ఉంటుంది, కుక్క తడిసి ఉంటుంది, పైన మబ్బు పట్టి ఉంటుంది, ఫోన్‌లో సిగ్నల్ గీత ఒక్కటీ ఉండదు. ఆ వేళ తాళం తిప్పగానే స్టార్ట్ అయి, పొద్దున వచ్చిన దారిలోనే బయటికి తెచ్చే బండి కావాలి. ఈ కింద రాసిందంతా ఆ సాయంత్రాన్ని మనసులో పెట్టుకుని రాస్తున్నదే.

ముందు ఒక పని చేయండి. కిందటేడు వెళ్లిన ట్రిప్పులన్నీ కాగితం మీద రాయండి. ఒక్కో దాంట్లో తారు రోడ్డు ఎంత, కంకర రోడ్డు ఎంత, నిజంగా భయం వేసిన ముక్క ఎంత? చాలామందికి ఆ భయం వేసిన ముక్క ఒకటి రెండు కిలోమీటర్లకు మించదు. అది కూడా వానాకాలంలోనే. మీకూ అంతే అయితే, నేల నుంచి కాస్త ఎత్తున్న మామూలు ముందు చక్రాల డ్రైవ్ స్టేషన్ వ్యాగన్‌కి మంచి టైర్లు వేయించి, పార, దిగబడ్డ చక్రం కింద పెట్టే ట్రాక్షన్ పలకలు రెండు, గాలి కొట్టే పంపు పెట్టుకున్నా పని జరిగిపోతుంది. అదే డబ్బుకి ఎనిమిది పదేళ్లు కొత్త బండి వస్తుంది, పెట్రోలు సగం తాగుతుంది. ఈ మాట చెప్తే ఎవరికీ నచ్చదు, నాకూ నచ్చేది కాదు. కానీ మీరు బంకమట్టి అన్నారు, పైగా ఎగుడుదిగుడు అన్నారు. తడి బంకమట్టి ఎత్తు మీద రెండు చక్రాల డ్రైవ్‌తో చేసేదేం లేదు. కాబట్టి మీ విషయంలో ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాల్సిందే అనుకుందాం.

ఫోర్ వీల్ డ్రైవ్ అంటే అన్నీ ఒకటి కావు. పాత బండ్లలో ఎక్కువగా ఉండేది పార్ట్ టైమ్ రకం. లివర్ లాగితే ముందు, వెనక యాక్సిళ్లు ఒకదానికొకటి బిగుసుకుపోయి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు కాబట్టి ఆ బిగువంతా గేర్ల మీదా, షాఫ్టుల మీదా పడుతుంది. అందుకే దాన్ని తారు రోడ్డు మీద వాడకూడదు. ఫుల్ టైమ్ రకంలో మధ్యలో ఆ తేడాని సర్దే ఇంకో డిఫరెన్షియల్ ఉంటుంది, రోడ్డు మీద కూడా వాడుకోవచ్చు. 1977 నుంచి వస్తున్న రష్యా బండి లాడా నివా అలాంటిదే. మిత్సుబిషి పజెరోలో 1991 నుంచి వచ్చిన సూపర్ సెలెక్ట్ అనే ఏర్పాటు అయితే రెండు పద్ధతుల్నీ ఒకే లివర్‌లో పెట్టింది. మీరు చూసిన చెరోకీ మోడల్‌లో రెండు రకాలూ వచ్చాయి. లివర్ పక్కన ఫుల్ టైమ్ అన్న గుర్తు ఉందో లేదో చూడండి, తడి రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్లకి అది ఉంటే సుఖం.

మీ అవసరానికి లో రేంజ్ అన్నింటికంటే ముఖ్యం. లో రేంజ్‌లో వేస్తే గేర్లు రెండు నుంచి రెండు ముప్పావు రెట్లు దిగుతాయి, బండి మనిషి నడిచే వేగంతో పాకుతుంది. అందరూ అది ఎక్కడానికనుకుంటారు. దాని అసలు విలువ దిగేటప్పుడు తెలుస్తుంది. తడి వాలులో బ్రేకు తొక్కితే చక్రం ఆగుతుంది, బండి మాత్రం జారుతూనే ఉంటుంది. లో రేంజ్ ఒకటో గేరులో వేసి బ్రేకు మీద నుంచి కాలు తీసేస్తే ఇంజనే పట్టి ఉంచి దింపుతుంది. మాన్యువల్ గేర్లుంటే ఆ పట్టు ఇంకా గట్టిగా ఉంటుంది. ఇంకో మాట, ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. నేను బురదలోంచి బయటికి లాగిన బండ్లలో సగానికి పైగా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లే.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ల కిందట ఒక బండి కొన్నాను, ఏ కంపెనీదో అనవసరం. కొనేముందు తారు రోడ్డు మీద తోలి చూశాను. లివర్ లాగాను, డాష్‌బోర్డులో ఫోర్ వీల్ దీపం వెలిగింది, చాలనుకున్నాను. రెండో ట్రిప్పులోనే సాయంత్రం వాన పట్టుకుంది. వాగు గట్టు ఎక్కుతుంటే బండి దిగబడింది. దీపం వెలుగుతూనే ఉంది, నేను యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాను. నా స్నేహితుడు టార్చి పట్టుకుని కిందకి దిగి, అటూ ఇటూ తిరిగి చూసి, "ఒరేయ్, ముందు చక్రాలు తిరగట్లేదురా" అన్నాడు. ముందు యాక్సిల్‌ను కలిపే చోటికి వెళ్లే చిన్న రబ్బరు గొట్టం చిట్లి ఉంది. బొటనవేలంత ముక్క. ఇంజన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ తన పని తాను చేసింది, దీపానికి తెలిసింది అంతవరకే. యాక్సిల్ దగ్గర ఏమవుతోందో దానికి తెలియదు. ఆ రాత్రి తొమ్మిది కిలోమీటర్లు నడిచాం.

అందుకని దీపాన్ని నమ్మకండి. బండిని కంకర ఉన్న చోటికి తీసుకెళ్లండి. ఫోర్ వీల్‌లో వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మెల్లగా ఒక చుట్టు తిప్పండి. పార్ట్ టైమ్ బండి అయితే పట్టేసినట్టు, ఎగిరెగిరి పడుతున్నట్టు ఉండాలి. అలా లేకుండా హాయిగా తిరిగిందంటే ముందు యాక్సిల్ కలవలేదన్నమాట. వెంట వెళ్లిన మనిషిని పక్కన నిలబెట్టి, వాలు మీద వదులు మట్టిలో బండి కదిలేటప్పుడు ముందు చక్రాలు కంకర చిమ్ముతున్నాయో లేదో చూడమనండి. తర్వాత లో రేంజ్. కొన్ని బండ్లలో ఆ లివర్ ఏళ్ల తరబడి ఎవరూ కదపక తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. అమ్మేవాడు "అది ఎప్పుడూ వాడలేదండీ" అని గొప్పగా చెప్తే అది గుణం కాదు, అనుమానం. అసలు ఆ బండికి ముందు డిఫరెన్షియల్ ఉందో లేదో వంగి చూడండి. చెరోకీ, ఫోర్‌రన్నర్, నిస్సాన్ ఎక్స్‌టెర్రా మూడూ రెండు చక్రాల డ్రైవ్‌తో కూడా అమ్ముడయ్యాయి. బయటినుంచి చూస్తే తేడా తెలియదు.

ఇక తుప్పు. ఇంజన్ పోతే ఇంకోటి వేయించుకోవచ్చు, గేర్ బాక్స్ పోతే పాతది తెచ్చి బిగించవచ్చు. ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, తుప్పు పట్టి తినేస్తే బండి అయిపోయినట్టే. మంచు కురిసి, రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల తిరిగిన బండి, సముద్రం ఒడ్డున పడవలు దింపిన బండి అయితే తొమ్మిదేళ్లదైనా సరే కిందకి దూరి చూడాల్సిందే. ఒకసారి నేను చూడ్డానికి వెళ్లిన బండి అద్దంలా ఉంది. పాలిష్ పెట్టారు, లోపల సీట్లు కడిగారు, అడుగున కొత్తగా నల్లరంగు కొట్టారు. ఆ నల్లరంగు చూశాకే నాకు నమ్మకం పోయింది. వెల్లకిలా పడుకుని వెనక చక్రం ముందు, కమాన్ కట్ట తగిలించే చోట చిన్న సుత్తితో కొట్టాను. మంచి ఇనుము ఖంగుమంటుంది. అది తడి చెక్కలా డబ్ అంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి అరచేత్తో నొక్కాను. పిడి దాకా లోపలికి పోయింది. పెచ్చులు రాలి కళ్లలో పడ్డాయి. పైన పటారం, లోన లొటారం అంటే అదే. లేచి చూస్తే అమ్మే ఆయన జేబులో చేతులు పెట్టుకుని ఎటో చూస్తున్నాడు.

ఈ విషయంలో పేరున్న బండి కూడా మినహాయింపు కాదు. టయోటా టకోమా పికప్‌ల ఛాసిస్‌లు తుప్పుతో పాడవుతున్నాయని ఆ కంపెనీయే 2008లో అమెరికాలో 1995 నుంచి 2000 దాకా వచ్చిన వాటికి తుప్పు వారంటీ పొడిగించి, మరీ పాడైనవాటిని తిరిగి కొనేసింది. మీ ఫోర్‌రన్నర్ కూడా ఆ కాలందే, వెనక భాగం జాగ్రత్తగా చూడండి. చెరోకీ సంగతి వేరు. దానికి విడిగా ఛాసిస్ లేదు, బాడీకే అడుగున పట్టీలు అతికి ఉంటాయి. కాళ్ల కింద కార్పెట్ లేపి ఫ్లోరు చూడండి, వెనక కమాన్ కట్టలు బిగించే చోట్లు చూడండి. స్టీరింగ్ బాక్స్ బాడీకి బిగించే చోట పగుళ్లు ఉన్నాయేమో చూడటం మర్చిపోవద్దు. పెద్ద టైర్లేసిన చెరోకీల్లో అక్కడ చీలడం మామూలే.

ఎత్తు లేపిన బండి గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తక్కువ డబ్బున్నవాడు దాని జోలికి పోకూడదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అవుతుంది. ఎత్తు లేపిన మనిషి దాన్ని బండల మీదికి ఎక్కించడానికే లేపాడు, ఎక్కించే ఉంటాడు. పెద్ద టైరు బరువుకి బేరింగులు, బాల్ జాయింట్లు (చక్రాన్ని పట్టి ఉంచే కీళ్లు), స్టీరింగ్ కడ్డీలు తొందరగా అరుగుతాయి. బ్రేకులు మాత్రం కంపెనీవే కాబట్టి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. యాక్సిల్ గేర్లు మార్చకపోతే ఎత్తుల్లో ఇంజన్ ఈడ్చుకుంటూ పోతుంది. ఇంకో లెక్క ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. చెరోకీకి కంపెనీ వేసిన టైరు సుమారు 28 అంగుళాలు. 33 అంగుళాల టైరు వేసి మీటరు గేరు మార్చకపోతే మీటరు 100 చూపించినప్పుడు బండి నిజంగా దాదాపు 118 కిలోమీటర్లు తిరిగి ఉంటుంది. కాబట్టి 1,70,000 అన్న అంకెను అలాగే తీసుకోకండి. వించ్ చూసి కూడా మురిసిపోకండి. వించ్ ఉన్న బండి అంటే వించ్ అవసరపడే చోట్లకి పోయిన బండి.

చెరోకీ చెడ్డ బండి అని కాదు నేననేది. ఎవరూ ముట్టుకోని చెరోకీ దొరికితే తక్కువ డబ్బులో అంత సరుకు ఇంకోటి లేదు. 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ మొండిది, వాల్వుల్ని వేళకి కదిలించడానికి లోపల టైమింగ్ చెయిన్ ఉంటుంది, తెగిపోయే బెల్టు గొడవ లేదు. దాని బలహీనత వేడి. రేడియేటర్ పూడుకుపోయినా, ఫ్యాన్ క్లచ్ నీరసించినా ఎత్తుల్లో సూది పైకి పోతుంది. 2000, 2001 నాటి వాటిలో 0331 అన్న నంబరున్న సిలిండర్ హెడ్ మూడు, నాలుగు సిలిండర్ల మధ్య పగిలేది. మీది 1999 అన్నారు, అయినా పాత బండికి హెడ్ మార్చి ఉండొచ్చు, హెడ్ మీద పోతపోసిన ఆ నంబరు ఒకసారి చూడండి.

ఫోర్‌రన్నర్‌లో ఎక్కువగా ఉండేది 3.4 లీటర్ల వీ సిక్స్, అంటే ఆరు సిలిండర్ల ఇంజన్. అది 2,90,000 దగ్గర ముసలిది కాదు, నడివయసుది. దానికి టైమింగ్ బెల్టు ఉంది, 1,45,000 కిలోమీటర్లకోసారి మార్చాలి. అంటే ఈపాటికి రెండోసారి మార్చాల్సిన వేళ. మార్చినట్టు బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకుని బేరం ఆడండి. ఆ ఇంజన్‌లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, ఇంజన్ ఆగిపోతుంది అంతే. అయితే అడవి మధ్యలో ఆగితే అది పెద్ద ఓదార్పేం కాదు. రెండోది, ముందు చక్రాల కింది బాల్ జాయింట్లు. అవి అరిగి ఊడితే చక్రం లోపలికి మడుచుకుపోతుంది. కొన్న వారంలోనే కంపెనీ సరుకుతో మార్పించేయండి, ఇందులో చౌక సరుకు వద్దు. మూడోది ఆటోమేటిక్ గేర్లున్నవాటికి: గేర్ బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. అది లోపల చిట్లితే కూలెంట్, గేర్ ఆయిల్ కలిసిపోయి గులాబీ రంగు పాలలా అవుతాయి. అప్పటికి గేర్ బాక్స్ పోయినట్టే. 2005 నుంచి 2010 దాకా వచ్చిన నిస్సాన్ ఎక్స్‌టెర్రాకి కూడా ఇదే జబ్బు, ఇంకా ఎక్కువ. రేడియేటర్ పాతదైతే అది పాడయ్యే దాకా ఆగకుండా ముందే కొత్తది వేయించుకోవడమే మందు.

ఈ రెండూ కాకపోతే ఏం చూడొచ్చు అని అడుగుతారేమో. సుజుకి జిమ్నీ 1998 నుంచి 2018 దాకా ఒకే రూపంలో వచ్చింది. విడి ఛాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు, లో రేంజ్ అన్నీ ఉన్నాయి. బరువు తక్కువ కాబట్టి బురదలో తేలిపోతుంది. కానీ ఇద్దరూ, కుక్కా, టెంటూ, జంతువూ అంటే దానికి మోయలేని బరువే. సుబారు ఫారెస్టర్ కంకర రోడ్డుకీ, మంచుకీ చాలా బాగుంటుంది. చాలా దేశాల్లో అమ్మినవాటికి లో రేంజ్ లేదు. పాత 2.5 లీటర్ల ఇంజన్లలో హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్ కింది సీలు) లీకు పెద్ద సమస్య. ఫోర్డ్ రేంజర్ లాంటి చిన్న పికప్ అయితే రక్తం, బురద, కుక్క అన్నీ వెనక ట్రేలో, మనుషులు ముందు. కడుక్కోవడం సులువు. పడుకోవాలంటే మాత్రం పైన కప్పు వేయించుకోవాలి. వీటిలో ఏది కొన్నా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: వాటర్ పంపు, ఆల్టర్నేటర్, వీల్ బేరింగ్ మీకు అందుబాటులో ఒక్క రోజులో దొరుకుతాయా? దొరక్కపోతే ఎంత గొప్ప బండైనా సీజనంతా షెడ్డులోనే ఉంటుంది.

బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాచడానికి ముందే వేడి చేశారని అర్థం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు మొదటి పది సెకన్లు చెప్పే నిజం తర్వాత గంటసేపు తోలినా తెలియదు. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా వచ్చి కాసేపటికి పోతే అది ఆవిరి, చలికి మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తుంటే కూలెంట్ సిలిండర్లోకి పోతోంది, నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆయిల్ మూత లోపల మీగడలాంటిది ఉందా, కూలెంట్ మీద నూనె తేలుతోందా చూడండి. గేర్ బాక్స్ డిప్‌స్టిక్ ఉంటే తీసి వాసన చూడండి. మాడు వాసన వస్తే వద్దు.

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన కార్లన్నిటికీ డాష్‌బోర్డు కింద ఓబీడీ టూ ప్లగ్ ఉంటుంది, బండి కంప్యూటర్ నమోదు చేసిన తప్పులు దాని ద్వారా చదవొచ్చు, మీరు చూసిన రెండూ ఆ తర్వాతివే. చిన్న రీడర్ ఒకటి కొనుక్కుని వెంట తీసుకెళ్లండి. తప్పుల కోడ్‌లు లేవంటే సంతోషించకండి, రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి, అవి కూడా చూడండి. చాలావరకు ఇంకా రెడీ కాలేదని చూపిస్తుంటే కోడ్‌లు ఈమధ్యే చెరిపేశారు, లేకపోతే బ్యాటరీ ఈమధ్యే తీశారు. రెండింటికీ కారణం అడగాల్సిందే.

నీళ్లలో మునిగిన బండిని పట్టుకోవడం ఇంకా సులువు. సీటు బెల్టు చివరిదాకా లాగండి. చివర్లో మట్టి గీత ఉంటే నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో ఆ గీతే చెప్తుంది. సీటు కింది స్ప్రింగులు చూడండి. వాగులు దాటించిన బండైతే డిఫరెన్షియల్ నింపే బోల్టు విప్పించి వేలు పెట్టి చూడండి. ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు చేరాయి. వేడి మీదున్న యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని నీళ్లను పీల్చుకుంటుంది. గాలి వచ్చిపోవడానికి పైకి ఉండాల్సిన బ్రీదర్ గొట్టం ఊడిపోయి ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

బరువు విషయంలో అందరూ మోసపోతారు. డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి బండి మొత్తం బరువు ఎంత దాటకూడదో దాని మీద ఉంటుంది. ఇద్దరు మనుషులు 160 కిలోలు, కుక్క 30, నీళ్లు 40 లీటర్లు అంటే 40 కిలోలు, 20 లీటర్ల పెట్రోలు డబ్బా 15, టెంటు, వంట సామాను, తుపాకులు, టూల్స్ కలిపి ఇంకో వంద. తిరిగి వచ్చేటప్పుడు వీటికి జంతువు తోడు. కప్పు మీద పెట్టే టెంటు ఒక్కటే 50 నుంచి 70 కిలోలు, కదిలే బండి కప్పు మోయగలిగేది చాలావాటికి అంతే. మీదికి పెట్టిన ప్రతి కిలో పక్కవాలులో బండిని ఇంకాస్త ఒరిగిస్తుంది కూడా. కిందనే పడుకోండి. లేదా వెనక సీటు మడిచి లోపల మీ ఎత్తు పడుతుందేమో కొనేముందే పడుకుని చూసుకోండి. సిగ్గు పడకండి, నేను చెప్పులు విప్పి అమ్మేవాళ్ల ముందే పడుకున్నాను. చలి వేసిందని రాత్రి ఇంజన్ ఆన్‌లో ఉంచి నిద్రపోవడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

వేటకి ప్రత్యేకంగా కావాల్సింది ఒకటే: కడుక్కోగలిగే వెనక భాగం. కార్పెట్ తీసేసి మందపాటి రబ్బరు షీటు, దాని మీద అంచులున్న ప్లాస్టిక్ ట్రే. కార్పెట్‌లోకి ఇంకిన రక్తం వాసన వేసవిలో ఏ సబ్బుకీ పోదు. తుపాకి ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరుగా పెట్టడానికి చోటు ముందే చూసుకోండి. దీని మీద చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, మీ చోట ఎలా ఉందో చదవండి.

ఇప్పుడు డబ్బు. చేతిలో ఉన్నదంతా బండికే పెట్టకండి. మూడో వంతు, గట్టిగా బిగిస్తే నాలుగో వంతు, పక్కన పెట్టండి. అందులో మొదటి ఖర్చు టైర్లు. పాత బండి మీద గుబురుగా కనిపించే టైరు ముసలిదై ఉండొచ్చు. పక్కన డాట్ అన్న అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే పగుళ్ల కోసం ఏటా చూడాలి, పదేళ్లదైతే గాడి ఎంతున్నా తీసేయాలి. స్టెపినీ మీద కూడా ఆ అంకె చూడండి, అది బండి పుట్టినప్పటిది అయి ఉంటుంది. మీకు ఆల్ టెర్రెయిన్ (అన్ని దారులకీ పనికొచ్చే) రకం చాలు. మడ్ టెర్రెయిన్ (బురద కోసమే చేసినది) రోడ్డు మీద గోల, పైగా తడి తారు మీద పట్టు తక్కువ. బురదలో టైరు గాలి 35 పీఎస్ఐ నుంచి 20 దాకా దించితే టైరు వెడల్పై పరుచుకుంటుంది, సగం ఇబ్బందులు అక్కడే తీరిపోతాయి. తారు ఎక్కేముందు తిరిగి గాలి కొట్టాలి, అందుకే పంపు. నేను దిగబడ్డ బండ్లు చూసినప్పుడల్లా ముందు అడిగేది "గాలి దించావా?" అని. చాలామంది దించి ఉండరు.

రెండో ఖర్చు బయటికి లాగే సామాను. బండికి ముందూ వెనకా ఛాసిస్‌కి బిగించిన గట్టి కొక్కేలు ఉన్నాయా చూడండి, లేకపోతే వేయించండి. ట్రైలర్ తగిలించే గుండు కొక్కేనికి మాత్రం సాగే తాడు కట్టి లాగకండి. అది విరిగితే తుపాకి గుండులా వచ్చి తగులుతుంది, అలా మనుషులు చనిపోయారు. పార, జాకీ కింద పెట్టడానికి చెక్కపలక, పంక్చర్ కిట్, పాత బెల్టు ఒకటి, గొట్టాలకి క్లిప్పులు, రెండు లీటర్ల కూలెంట్. ఇవన్నీ కలిపినా ఆ చెరోకీ మీదున్న వించ్ అంత ఖర్చు అవదు.

కొన్నాక మొదటి వారంలో ఇంజన్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు డిఫరెన్షియళ్ల ఆయిళ్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్పించండి. ముందాయన నిన్ననే మార్చానన్నా సరే. తర్వాత వాన పడిన రోజు చూసుకుని, ఇంటికి నడిచి రాగలిగే దూరంలో ఉన్న మట్టిదారికి వెళ్లి, కావాలనే ఇబ్బంది పెట్టండి. బయటపడాల్సిన తప్పులు అక్కడే బయటపడాలి.

మీ రెండింటిలో ఏదంటే, ఫోర్‌రన్నర్. ఛాసిస్ మీద స్క్రూడ్రైవర్ లోపలికి దిగకపోతే, కంకరలో ముందు చక్రాలు నిజంగా తిరిగితే, బెల్టు, బాల్ జాయింట్లు, రేడియేటర్ ఖర్చు ధరలో తగ్గిస్తే. ఈ మూడింటిలో మొదటిది కుదరకపోతే మిగతా రెండూ చూడకుండానే వెనక్కి రండి. అప్పుడు కూడా ఆ చెరోకీకి పోకండి, ఇంకో నెల ఆగండి. వేట సీజన్ అయిపోయిన మరుసటి నెలల్లో ఇలాంటి బండ్లు అమ్మకానికి ఎక్కువ వస్తాయి. చూడ్డానికి వెళ్లినప్పుడు వెనక చక్రాల పైన ఛాసిస్, రేడియేటర్ మూత తీశాక లోపలి రంగు, సర్వీసు బిల్లుల్లో చివరి మూడు, వీటి ఫోటోలు పెట్టండి, చూసి చెప్తాను.